గడిలో లేని కౌలు రైతు

వేసవి సెలవుల్లో మన పిల్లలు ఆడే బిజినెస్ ఆటలో బొంబాయి కొనొచ్చు, మద్రాసు కొనొచ్చు, రైల్వే కొనొచ్చు. కొన్న గడిలో ఇల్లు కట్టి అటుగా వచ్చినవాడి దగ్గర అద్దె గుంజొచ్చు. ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరున్నారు, ఏం పండించుకునేవారు, ఇల్లు లేచాక ఎటు పోయారు అన్న ప్రశ్న మాత్రం ఆటలో ఎక్కడా రాదు. అట్ట పరిచేసరికే నేలంతా ఖాళీగా ఉంటుంది. పాచిక వేసేసరికే అందరి చేతుల్లో సమానంగా డబ్బుంటుంది. ఈ రెండు అబద్ధాలూ లేకపోతే ఆట నడవదు.

నగరాలు కట్టే ఆటలు వచ్చి నూరేళ్ళు దాటింది. వాటిని వరసపెట్టి చూస్తే ఒకటే లోటు పదేపదే కనపడుతుంది: ఊరు పెరిగితే వచ్చే లాభానికి గళ్ళుంటాయి, నష్టానికి ఉండవు. కొన్ని ఆటలు ఆ లోటు పూడ్చాలని చూశాయి. గుంటూరు జిల్లాలో 2014 నుంచి సాగుతున్న అమరావతి రాజధాని కథను వాటి పక్కన పెట్టి చదవడానికి కారణముంది. రాజధాని కోసం రైతుల భూమి తీసుకుని అందులో కొంత ప్లాట్లుగా తిరిగిచ్చే భూసమీకరణ అక్షరాలా ఒక నియమావళి. ఎవరికి ఎన్ని గజాలు, ఎన్నేళ్ళు ఎంత సొమ్ము, ఏ ప్లాటు ఎవరికన్నది ఏ లాటరీలో తేలుతుంది, అన్నీ కాగితం మీద రాసి మొదలుపెట్టిన వ్యవహారం అది. అమరావతి కావాలా వద్దా అన్న గొడవలో పదేళ్ళుగా తలమునకలై, ఆ కాగితం ఎవరిని లెక్కేసింది, ఎవరిని వదిలేసింది అని నిదానంగా చదివినవాళ్ళు తక్కువ.

ముందు ఆటల సంగతి. మన బిజినెస్‌కు మూలం మోనోపలీ. మోనోపలీకి మూలం ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ స్టెనోగ్రాఫర్ తయారుచేసిన ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. దానికి పేటెంటు వచ్చింది 1904 జనవరి 5న. మాగీ హెన్రీ జార్జ్ భావాలు నమ్మిన మనిషి. 1879లో ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ రాసిన ఆ జార్జ్ చెప్పింది క్లుప్తంగా ఇదీ: నేల ధర పెరిగేది యజమాని చెమట వల్ల కాదు, చుట్టూ జనం చేరి, రోడ్లు పడి, వ్యాపారాలు రావడం వల్ల. కాబట్టి ఆ పెరిగిన విలువ జనానికే చెందాలి, పన్ను రూపంలో ఖజానాకు రావాలి. మాగీ దీన్ని ఉపన్యాసంగా చెప్పకుండా అట్ట మీద గీసింది. ఒక మూల భూమాత గడి. భూమి మీద చేసిన శ్రమే కూలి పుట్టిస్తుందని అందులో రాసి ఉంటుంది, చుట్టు తిరిగి వచ్చినవాడికి 100 డాలర్ల కూలి దక్కుతుంది. ఇంకో మూల భూమి ఎక్కడో లండన్‌లో ఉండే లార్డ్ బ్లూబ్లడ్ అనే ప్రభువుది. అడుగుపెట్టావా, జైలుకే. చేతిలో డబ్బు అయిపోయినవాడు బీదల సత్రంలో కూర్చోవాలి.

ఆ అట్టకు రెండు రకాల నియమాలున్నాయి. ఒక పద్ధతిలో అద్దె యజమాని జేబులోకి పోతుంది, చివరికి ఒక్కడే మిగులుతాడు. రెండో పద్ధతిలో నేల అద్దె ప్రజల ఖజానాలో పడుతుంది, దానితో అందరికీ సౌకర్యాలు వస్తాయి. రెండూ ఆడి చూసుకోండి, ఏది న్యాయమో మీకే తెలుస్తుంది అన్నది ఆమె ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనుక్కుంది. చార్లెస్ డారో పేరుతో మోనోపలీని అమ్మింది. ప్రపంచం మొత్తానికి చేరింది మొదటి పద్ధతే. ఇంత సూటిగా ఉన్న ఆటను అంత సూటిగా తలకిందులు చేసిన సందర్భం వ్యాపార చరిత్రలో మరొకటి వెతికినా దొరకదేమో.

తర్వాత వచ్చినవాటిలో అన్నిటినీ తడమక్కర్లేదు. 1960ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఫెల్ట్ భూవినియోగం మీద విద్యార్థులకోసం ఆట తయారుచేశాడు. 1970లో వచ్చిన ‘సిటీస్ గేమ్’లో ప్రభుత్వం, వ్యాపారులతో పాటు మురికివాడ జనానికి, ఆందోళనకారులకు కూడా వేషాలున్నాయి. లంచం ఇవ్వడం కూడా ఆటలో భాగమే, అంతమాత్రం నిజాయితీ ఉంది దానికి. 2012 నాటి ‘సబర్బియా’లో జనాభా పెరిగేకొద్దీ ఎర్రగీతలు దాటాలి. ఒక్కో గీతకు ఆదాయమూ పరువూ ఒక్కో మెట్టు కిందికి దిగుతాయి. పెరుగుదలకు ఖర్చుంటుందని అంత తేలిగ్గా చెప్పిన ఆట మరొకటి లేదు. అయితే అక్కడా ఖర్చు పడేది ఊరికి, అంటే ఆటగాడికి. ఫలానా మనిషికని కాదు. బెంగళూరులో ఫీల్డ్స్ ఆఫ్ వ్యూ అనే బృందం చెత్త నిర్వహణ లాంటి పట్టణ సమస్యల మీద ఆటలు చేసి, అధికారులనూ పౌరులనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తోంది. మన దగ్గర అలాంటిది రావాల్సి ఉంది.

ఎక్కువసేపు ఆగి చూడాల్సింది కంప్యూటర్ ఆట సిమ్‌సిటీ దగ్గర. 1989లో విల్ రైట్ దాన్ని చేసినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిలో జే ఫారెస్టర్ 1969లో రాసిన ‘అర్బన్ డైనమిక్స్’ ఒకటి. ఫారెస్టర్ ఇంజనీరు. నగరాన్ని సమీకరణాల్లోకి దింపి, లెక్క వేసి, పేదలకు చవక ఇళ్ళు కట్టడం నగరానికి చేటని, పాత పేటలు కొన్ని కూల్చి ఆ చోట పరిశ్రమలు పెడితే మేలని తేల్చాడు. లెక్క తప్పు లేదు. లెక్కలోకి ఏది తీసుకున్నాడు, ఏది తీసుకోలేదన్న దగ్గరే పేచీ. కూల్చిన పేటలో జనం నగరం హద్దు దాటితే ఆ సమీకరణాలకు ఇక వాళ్ళతో పని లేదు. సిమ్‌సిటీలో కూడా బుల్‌డోజర్ గుర్తు మీద నొక్కి ఇళ్ళు తీసేయడానికి గడికి నామమాత్రపు సొమ్ము చాలు. పునరావాసం గుర్తు తెర మీద ఉండదు.

మన పులిమేకలో ఈ నంగనాచి సమానత్వం లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకే హక్కుంది, మేకకు లేదు. మేకలు గెలవాలంటే గుంపుగా కదిలి దారులు మూసేయాలి. గుడి అరుగుల మీద, రచ్చబండ రాళ్ళ మీద ఆ గళ్ళు చెక్కి ఆడుకున్న మన పెద్దలకు ఆటలో అందరి బలం ఒకటి కాదన్న సంగతి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. నగరాభివృద్ధి మీద తెలుగులో ఎవరైనా ఆట చేస్తే మోనోపలీ నమూనా పక్కన పెట్టి ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఇక అమరావతి రాజధాని ప్రాంతానికి, తుళ్ళూరుకు వద్దాం.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. రాజధాని స్థలం కోసం కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఆగస్టు చివర్లో నివేదిక ఇచ్చింది. ఒకే మహానగరం వద్దు, కార్యాలయాలు పంచండి, విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి నడుమ సారవంతమైన పంటభూమిని ముట్టుకోకండి అన్నది దాని సారాంశం. కొద్ది రోజులకే, సెప్టెంబరు 4న, విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అని చంద్రబాబు నాయుడు ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం, 2015 జనవరిలో భూసమీకరణ నియమాలు వచ్చాయి. తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు సమీకరణ కిందికి వచ్చింది. ఇంత భూమి ఇంత వేగంగా, ఎక్కువ భాగం పోలీసు కాల్పులూ లాఠీలూ లేకుండా ప్రభుత్వం చేతికి రావడం దేశంలో అరుదు. ఆ మాట ఒప్పుకోవాలి.

అంత తేలిగ్గా ఎందుకిచ్చారన్నది ఆ నేల తీరు తెలిస్తే అర్థమవుతుంది. కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం, రాయపూడి వైపు జరీబు నేలలు. అరటి, కంద, పసుపు, కూరగాయలు, పూలు. ఏడాది పొడవునా ఏదో ఒకటి కోతకొచ్చే భూమి. ఒడ్డు నుంచి లోపలికి నెక్కల్లు, అనంతవరం, దొండపాడు వైపు పోతే నల్లరేగడి మెట్ట. పత్తి, మిర్చి, మినుము. ఇక్కడి రైతుకు పత్తి ఎంత జూదమో గుర్తుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మిర్చి కూడా అంతే. 2021-22లో నల్ల తామరపురుగు తోటలకు తోటలనే పడగొట్టింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చేలో, అదీ తాను హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఎవరికో కౌలుకిచ్చిన చేలో, ఏటా ఎకరానికి 30 వేలు ఖాయంగా ఇస్తాం, ఏడాదికి 3 వేలు పెంచుకుంటూ పదేళ్ళు ఇస్తాం, పైగా ప్లాటు ఇస్తాం అని ప్రభుత్వం అంటే సంతకం పెట్టని యజమాని ఎవడు? జరీబుకు 50 వేలు, ఏటా 5 వేల పెంపు. అక్కడ మాత్రం బేరం కుదరలేదు. ఉండవల్లి, పెనుమాక రైతులు కోర్టు మెట్లెక్కారు. తోటలో రోజూ కాలు పెట్టేవాడికి ఆ తోట విలువ తెలుసు.

ప్లాటు లెక్క చూద్దాం. ఎకరమంటే 4,840 గజాలు. మెట్ట ఎకరానికి యజమానికి తిరిగొచ్చేది 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. అంటే నాలుగో వంతుకు కాస్త పైన. జరీబుకు వాణిజ్య స్థలం 450 గజాలు. ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమికైతే మొదటి పట్టికలో నివాస స్థలం 800 గజాలే. పక్కపక్క చేలే, ఒకే నల్లమట్టి, అయినా కాగితం రంగును బట్టి గజాలు తగ్గాయి. ఆ కాగితాలున్నది ఎక్కువగా దళితుల చేతుల్లో. అసైన్డ్ భూములకు ఏమీ రాదట అన్న పుకారు లేచిన రోజుల్లో కారుచవగ్గా చేతులు మారినవెన్నో. అది తర్వాత పెద్ద కేసే అయింది. 2016 నుంచి ప్లాట్లు కంప్యూటర్ లాటరీలో తీశారు. నిజంగా పాచికే. ఎవరికి పార్కు ఎదురుగా పడిందో, ఎవరికి వీధి పోటు తగిలిందో ఆ డ్రాలో తేలింది. వీధి పోటు ప్లాటు మాకొద్దు, మార్చండి అన్న అర్జీలు ఏళ్ళ తరబడి నడిచాయి. సింగపూర్ నిపుణుల మాస్టర్ ప్లాన్‌లో వాస్తుకు ఎంత చోటిచ్చారో కానీ, రైతు మాత్రం ఇచ్చాడు.

మరి ఆ మెట్ట చేలల్లో పత్తి వేసిన కౌలు రైతు సంగతి? ఇక్కడ రెండు నియమావళులు పక్కపక్కన పెట్టి చూడాలి, మాగీ ఆటలో లాగానే.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం యజమానిని మాత్రమే చూడదు. ఆ నేల మీద మూడేళ్ళుగా పనిచేస్తూ బతుకుతున్న కౌలుదారు, కూలీ, చేతివృత్తివాడు కూడా దాని దృష్టిలో ప్రభావిత కుటుంబాలే. ముందు సామాజిక ప్రభావ అంచనా వేయాలి. ఏటా ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేకుంటేనే తీసుకోవాలి. ప్రభావిత కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒక్కసారిగా 5 లక్షలు, లేదా నెలకు 2,000 చొప్పున 20 ఏళ్ళు, అదీ ధరల సూచికతో పాటు పెరుగుతూ. భూసమీకరణ ఈ చట్టం బయట నడిచింది. ఇష్టపడి ఇస్తున్నారు కాబట్టి సేకరణ కాదు, సేకరణ కాదు కాబట్టి ప్రభావ అంచనా అక్కర్లేదు. భూమిలేని కుటుంబానికి ఆ నియమాల్లో మొదట రాసింది నెలకు 2,500 పింఛను, పదేళ్ళు. లెక్క కట్టండి: 2,500 చొప్పున 120 నెలలకు 3 లక్షలు. చట్టం చెప్పినదాంట్లో చివరి దారి పట్టినా, ధరల పెంపు పక్కన పెట్టినా, 240 నెలలకు 4 లక్షల 80 వేలు. యజమాని సొమ్ము ఏటా పెరిగేలా రాసినవాళ్ళు కూలీ సొమ్మును ఉన్నచోటే ఉంచి రాశారు. యజమానికి పరిహారం చట్టం కన్నా మేలుగా ఉండొచ్చు, చాలామందికి ఉంది కూడా. కూలీకి తక్కువ. ఈ పథకం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పగల మాట నాకు దొరకలేదు.

ఆ 2,500 వెనక ఏమి పోయిందో పత్తి, మిర్చి పనులు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిర్చి ఒక్కసారి కోసి ఊరుకునే పంట కాదు. నారు పెట్టడం, కలుపు, మందు, తర్వాత మూడు నాలుగు విడతల కోత, కల్లంలో ఆరబోత, తాలు కాయ ఏరివేత, టిక్కీలకెత్తడం. కోతల రోజుల్లో కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి వచ్చి గుంటూరు, పల్నాడు చేలల్లో గుడిసెలు వేసుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీలు, శీతల గిడ్డంగుల్లో కాయ ముచ్చికలు తీసే ఆడవాళ్ళు, వీళ్ళందరి ఏడాది ఆ నల్లరేగడి మీదే ఆధారపడి ఉంటుంది. 29 గ్రామాల చేలు బీడు పడ్డాక ఊళ్ళోని ఆడకూలీలు ఆటోలెక్కి దూరం చేలకు పోవాల్సి వచ్చింది. మగవాళ్ళలో కొందరికి కట్టడం పని దొరికింది, 2019లో అదీ ఆగింది. సుగ్గికి వచ్చేవాడు ఏ గ్రామం పింఛను జాబితాలోనూ లేడు. నగరం వల్ల పోయిన కూలిదినాల లెక్క వేయాలంటే ఆ కర్నూలు గుడిసె దాకా పోవాలి. అంతదూరం ఎవరి లెక్కా పోలేదు.

దీని మీద రాసినవాళ్ళు రకరకాలు. సి. రామచంద్రయ్య 2016లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసం స్పెక్యులేషన్‌నూ బెదిరింపులనూ ముందుకు తెచ్చింది. కరోల్ ఉపాధ్య 2017లో రాసింది ఇంకో వైపు నుంచి: కోస్తా భూయజమానుల ఆశలు, ప్రాంతీయ అభిమానం, వలస వెళ్ళినవాళ్ళ డబ్బు కలిసి ఈ నగరాన్ని ఎలా ఊహించుకున్నాయన్నది. కొత్త రాష్ట్రానికి మొదటి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఐ.వై.ఆర్. కృష్ణారావు ‘ఎవరి రాజధాని అమరావతి?’ అని పుస్తకమే రాశారు. వీటిలో ఉపాధ్య చూపు నాకు ఎక్కువ ఉపయోగపడింది. బెదిరింపు ఒక్కదానితో 34 వేల ఎకరాలు రావు. ఆశ కావాలి. ఆ ఆశను నిజాయితీగా చదవకపోతే భూసమీకరణ ఎందుకు పనిచేసిందో తెలియదు. ఇటు అనుకూల రచనలన్నిటిలో రైతు అంటే యజమానే. అటు వ్యతిరేక రచనలు కొన్నిట్లో కౌలుదారు పేరు కనిపిస్తుంది గానీ, రెండు పేరాలు కాగానే మళ్ళీ పార్టీల గొడవలోకే పోతాయి.

ఇంతకూ యజమాని కూడా నిశ్చింతగా లేడు. 2019 డిసెంబరు 17న రాజధానిని మూడు చోట్లకు పంచే మూడు రాజధానుల మాట శాసనసభలో వినిపించాక, ఆట మధ్యలో నియమాలే మారాయి. మర్నాటి నుంచే దీక్షా శిబిరాలు లేచాయి. 2021 నవంబరు 1న తుళ్ళూరు నుంచి తిరుమలకు పాదయాత్ర బయలుదేరి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల మీదుగా నడిచింది. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పుకు పునాది ఏమిటో గమనించాలి. సీఆర్‌డీఏతో రైతు చేసుకున్న అభివృద్ధి ఒప్పందం, ఫారం 9.14. సంతకాలున్న కాగితం ఉంది కాబట్టి ప్రభుత్వం మాట తప్పకూడదని కోర్టు అనగలిగింది. కౌలుదారు దగ్గర ఏ ఫారం ఉంది? 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోదాని కింద ఇచ్చే పత్రం 11 నెలలకే చెల్లుతుంది, అదీ యజమాని సంతకం పెడితేనే. కాగితం లేనివాడు ఆందోళన శిబిరంలో పక్కన కూర్చోగలడు గానీ కోర్టులో కక్షిదారు కాలేడు.

పేదల గడి కాగితం మీద అసలు లేదని కూడా అనలేం. సీఆర్‌డీఏ చట్టంలోనే సమీకరించిన భూమిలో 30 శాతం రోడ్లకు, 10 శాతం పార్కులకు, 5 శాతం సామాజిక వసతులకు, మరో 5 శాతం పేదల ఇళ్ళకు అని ఉంది. ఆ చివరి 5 శాతం కథే అన్నిటికన్నా విచారకరం. 2023లో అప్పటి ప్రభుత్వం ఆర్-5 జోన్ పేరుతో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలు 50 వేల మందికి పైగా సెంటు స్థలాల పట్టాలు మే 26న వెంకటపాలెంలో పంచింది. సెంటు అంటే 48.4 గజాలు. ఆగస్టు 3న హైకోర్టు నిర్మాణాలు ఆపమంది. రాజధాని రైతులు దాన్ని తమ మీదికి వదిలిన ఎత్తుగా చూశారు, ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. కానీ పట్టా చేతపట్టుకున్న ఇల్లాలు ఎవరి మీదికీ ఎత్తు వేయడానికి రాలేదు. ఆమెను పావుగా కదిపారు, తర్వాత అట్ట మీద నుంచి తీసి పక్కన పెట్టారు. పులిమేకలో కూడా మేకకు ఇంతకన్నా మర్యాద ఉంటుంది, పోయేముందు ఒక దారన్నా కాచి పోతుంది.

ప్రకాశం వైపు కథ వేరు. అక్కడ నగరం రాలేదు, వస్తుందన్న మాట వచ్చింది. 2014లో దొనకొండ పేరు రాజధానిగా వినిపించింది. ప్రభుత్వ భూమి విస్తారం, రైలుమార్గం ఉంది, రెండో ప్రపంచయుద్ధం నాటి విమాన మైదానం ఉంది. మాట పుట్టగానే రియల్ ఎస్టేట్ కార్లు బారులు తీరాయి. మాట చల్లారాక ధరా చల్లారింది. అంతకుముందే, 2008లో, వాడరేవు-నిజాంపట్నం ఓడరేవుల కారిడార్ అని, రస్ అల్ ఖైమా పెట్టుబడి అని తీరం వెంట వేల ఎకరాలు చేతులు మారాయి. అది కేసుల్లో చిక్కుకుంది, ఓడరేవు రాలేదు. ఈ రాని నగరాల ఖర్చు ఏ ఆటలోనూ లేదు. ధర పెరిగిందని కౌలు పెంచుతారు, అమ్మకానికి పెట్టామని కౌలుకివ్వడం మానేస్తారు, ప్లాట్ల రాళ్ళు పాతి చేను బీడు పెడతారు. పర్చూరు, మార్టూరు, ఇంకొల్లు మీదుగా హైవే పక్కన పోతుంటే మిర్చి కల్లాల మధ్య రంగురాళ్ళు పాతిన వెంచర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నగరం రాకుండానే నగరం చేసే నష్టం చేసి వెళ్ళిపోతుంది.

కొత్త నగరం కోసం ఉన్నదాన్ని పోగొట్టుకోవడం అమరావతి నేలకు కొత్త కాదు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతి పట్టణం కట్టించినప్పుడు, పక్కనే ఉన్న దీపాలదిన్నె, అంటే మహాస్తూపం, రాయీ ఇటుకా కొత్త కట్టడాల్లోకి పోయాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికే తవ్వకం సాగుతోంది. అప్పుడు పోయింది రాళ్ళు కాబట్టి మ్యూజియాల్లోనైనా మిగిలాయి.

ఇప్పుడు మళ్ళీ పాచికలు పడుతున్నాయి. 2024 తర్వాత ప్రపంచ బ్యాంకు, ఏడీబీ అప్పులు వచ్చాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు. మరిన్ని వేల ఎకరాల రెండో విడత సమీకరణకు ప్రభుత్వం సిద్ధపడింది. ఈసారి పోబోయేది మరింత మెట్ట, అంటే మరింత పత్తి, మిర్చి. ప్రపంచ బ్యాంకు పునరావాస విధానం పట్టా లేనివాళ్ళను కూడా ప్రభావితుల్లో లెక్కేస్తుంది. 2013 చట్టం లెక్కేస్తుంది. లెక్కేయనిది సమీకరణ పట్టిక ఒక్కటే. మాగీ రెండో పద్ధతి మొత్తం తెమ్మని నేననను. పెరిగిన నేల విలువంతా ఖజానాకే అంటే ఇక్కడ ఒక్క యజమానీ సంతకం పెట్టడు, ఆ మాటకొస్తే ఒక్క ఎమ్మెల్యే కూడా పెట్టడు. మొదటి పద్ధతిని యథాతథంగా ఇంకో విడత ఆడటానికి మాత్రం సాకు మిగల్లేదు.

పట్టికలోనే చోటుంది. చట్టం చెప్పిన 50 శాతం తీసేసి, మెట్ట యజమానికి 26 శాతం ఇచ్చాక ఎకరంలో దాదాపు నాలుగో వంతు సీఆర్‌డీఏ చేతిలో మిగులుతుంది. అమ్ముకోవడానికో, సంస్థలకివ్వడానికో వాడేది అదే. అందులోంచి ఎకరానికి ఒక్క సెంటు, నూటికి ఒకటి, వాణిజ్య స్థలంగా తీసి, మూడేళ్ళు ఆ చేలో సాగు చేసినవాళ్ళ, పనిచేసినవాళ్ళ పేర రాస్తే యజమాని గజాల్లో ఒక్కటీ తగ్గదు. మొదటి విడతకు అలా చేసి ఉంటే 340 ఎకరాలయ్యేది. జాబితా ఎవరు రాయాలన్న పేచీ వస్తుంది, రానీ. గ్రామసభలో పేర్లు చదివి, సుగ్గికి వచ్చే కుటుంబాలను మిర్చి కోతల నెలల్లోనే చేల దగ్గర రాసుకుని, లాటరీ తీసే రోజుకు ముందే ఆ జాబితా అతికించాలి. ఫారం 9.14 పక్కన కౌలుదారు సంతకానికి ఇంకో ఫారం అచ్చు వేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, నియమాల్లో ఒక సవరణ చాలు.